డిజైన్ సాఫ్ట్‌వేర్: పని చేతులు మారే చోటే జాగ్రత్త

సంపాదకులకు నమస్కారం.

సివిల్ డిజైన్ సాఫ్ట్‌వేర్లలో కొత్తగా వచ్చిన సదుపాయాల గురించి మీ విద్యా పేజీలో వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. రోడ్లు, వాననీటి కాల్వల డిజైన్ నా వృత్తి. కొన్నేళ్లుగా సొంతంగా గీయడం తగ్గింది. ఇతరులు తయారుచేసిన మోడళ్లను తనిఖీ చేసి సంతకం పెట్టే బాధ్యత పెరిగింది. ఆ బాధ్యతలో ఉన్నదాన్ని కనుక, మీ వ్యాసంలో రాకుండా పోయిన ముఖ్యమైన సంగతి ఒకటి చెప్పాలనిపించింది.

వ్యాసంలో పేర్కొన్న సదుపాయాలన్నీ పనికొచ్చేవే. అయితే చదివిన విద్యార్థి మనసులో మిగిలేది ఒకటే: ఎన్ని కొత్త కమాండ్లు తెలిస్తే అంత మంచి డిజైనర్ అని. దీన్ని నేను గట్టిగా కాదంటాను. గీయడం ఏనాడో వేగం పుంజుకుంది. డిజైన్ పనిలో రోజులు హరించుకుపోయేది, తప్పులు చొరబడేది ఒకరి పని మరొకరి చేతికి అందే చోట. సర్వే బృందం నుంచి రోడ్డు డిజైనరుకు, అక్కడి నుంచి డ్రైనేజీ వాళ్లకు, వంతెన వాళ్లకు, చివరికి పరిమాణాలు లెక్కగట్టి బిల్లు రాసేవాళ్లకు అదే సమాచారం చేతులు మారుతూ పోతుంది. ఏటా వచ్చే కొత్త సదుపాయాల్లో ఈ చేతిమార్పును కాపాడేవి ఏవో గుర్తించి వాటిని ముందు నేర్చుకోవాలి. మిగతావి నిదానంగా నేర్చుకున్నా మునిగిపోయేదేమీ లేదు.

సర్వేతో మొదలుపెడతాను. తనిఖీలో నేను ఎక్కువసేపు ఆగేది అక్కడే. టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరం నుంచో డ్రోన్ నుంచో వచ్చిన పాయింట్లను ఎక్కించి సర్ఫేస్, అంటే నేల ఆకారపు త్రీడీ నమూనా, తయారుచేయమంటే సాఫ్ట్‌వేర్ క్షణాల్లో చేసిపెడుతుంది. అది చేసేదల్లా పక్కపక్కనున్న మూడేసి పాయింట్లను కలిపి త్రిభుజాలు అల్లడమే. అక్కడ గట్టు ఉందో, కాల్వ ఒడ్డు ఉందో దానికి తెలియదు. ఒక గట్టు పైఅంచున దూరదూరంగా నాలుగు పాయింట్లు, రెండు పక్కలా పాదం వెంట మరికొన్ని పాయింట్లు తీసుకున్నారనుకోండి. పైన పాయింట్లు పలచగా ఉన్నచోట ఒక త్రిభుజం భుజం ఈ పక్క పాదం నుంచి ఆ పక్క పాదానికి గట్టును అడ్డంగా కోసుకుంటూ పోతుంది. తెర మీద కాంటూర్లు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, చూస్తే గట్టుకు గండి పడినట్టు ఉంటుంది. నేల మీద ఏ గండీ ఉండదు. అదే సర్ఫేస్ మీద క్రాస్ సెక్షన్లు (అడ్డకోతలు) తీస్తే అవసరం లేని మట్టిపని లెక్కలోకి ఎక్కుతుంది. డ్రైనేజీ చూసేవాళ్లు నీళ్లు ఆ గండిలోంచి పోతాయనుకుని పైపుల సైజు నిర్ణయిస్తారు. ఇద్దరి లెక్కలూ తప్పుతాయి, ఇద్దరి కమాండ్లూ సరైనవే.

దీనికి విరుగుడు పాతదే. గట్టు అంచులు, పాదాలు, రోడ్డు అంచులు, కాల్వ అడుగు వెంట బ్రేక్‌లైన్లు, అంటే నేల వాలు మారేచోటు ఇదని చెప్పే గీతలు, ఇవ్వాలి. బ్రేక్‌లైన్‌ను దాటి ఏ త్రిభుజమూ పోదు. సర్వే చేసిన మేరకు సరిహద్దు గీయాలి, లేదా త్రిభుజం భుజం పొడవుకు పరిమితి పెట్టాలి. లేకపోతే అంచుల్లో పొడవాటి సన్నని త్రిభుజాలు పుట్టి, సర్వే చేయని నేలకు కూడా ఎత్తులు కల్పిస్తాయి. సర్వేయరు నేల మీదనే ప్రతి పాయింటుకూ అది దేని మీదిదో తెలిపే కోడ్ ఇస్తే ఈ గీతల్లో చాలా భాగం సాఫ్ట్‌వేరే కలిపేస్తుంది. ఏ కోడ్ దేనికన్నది సర్వే బృందం, డిజైన్ బృందం పని మొదలుకాకముందే కలిసి కూర్చుని ఒక కాగితం మీద రాసుకోవాలి. ఆ ఒక్క కాగితం మిగిల్చినంత సమయాన్ని ఏ కొత్త వెర్షనూ మిగల్చడం నేను చూడలేదు.

సర్ఫేస్ చేతికి రాగానే పైనుంచి చూసి ఊరుకోకుండా త్రీడీలో తిప్పి పక్కనుంచి చూడమని, నిలువు కొలతను పది రెట్లు పెంచి చూడమని కొత్తగా చేరినవాళ్లకు చెబుతుంటాను. సున్నా ఎత్తుతో పొరపాటున దూరిన పాయింటు ఒక్కటున్నా పెద్ద గొయ్యిగా బయటపడుతుంది.

ఇక కొలమానాలు, ఆధార మట్టాలు. ఇవి అందరికీ తెలిసినవేనని వదిలేస్తారు, అందుకే ప్రమాదం. అమెరికాలో చాలాకాలం రెండు రకాల అడుగులు వాడుకలో ఉన్నాయి. సర్వే అడుగు మీటరులో 1200/3937 వంతు, అంతర్జాతీయ అడుగు సరిగ్గా 0.3048 మీటరు. తేడా పది లక్షలకు రెండు మాత్రమే. ఒక భవనం పొడవులో అది కనిపించనే కనిపించదు. కానీ కోఆర్డినేటు విలువ 20 లక్షల అడుగులుంటే మొత్తం డ్రాయింగు 4 అడుగులు పక్కకు జరుగుతుంది. 2022 చివరితో అక్కడ సర్వే అడుగుకు అధికారికంగా స్వస్తి చెప్పారు, పాత డ్రాయింగులు మాత్రం ఇంకా చలామణిలో ఉన్నాయి.

ఎత్తుల విషయంలో లౌఫెన్‌బర్గ్ వంతెన కథ ప్రతి డిజైనరూ తెలుసుకోవాలి. అది రైన్ నది మీద జర్మనీని, స్విట్జర్లాండ్‌ను కలుపుతుంది. రెండు దేశాలు ఎత్తులు కొలవడానికి తీసుకునే సముద్రమట్టాలు వేరు. వాటి మధ్య 27 సెంటీమీటర్ల తేడా ఉందని డిజైన్ చేసినవాళ్లకు ముందే తెలుసు. సవరణ కూడా చేశారు, కానీ కూడిక, తీసివేత గుర్తు తారుమారైంది. 2003లో నిర్మాణం సాగుతుండగా తేడా 54 సెంటీమీటర్లని తేలింది. ఎంత కొత్త సాఫ్ట్‌వేరైనా ఇలాంటిది పట్టుకోలేదు. మనం ఇచ్చిన అంకె దానికి వేదం. అందుకే కొలమానం, కోఆర్డినేటు వ్యవస్థ, ఎత్తుల ఆధారం టెంప్లేట్ ఫైలులో ముందే బిగించాలి. మొదటి షీటు మీద మాటల్లో రాయాలి. నేల మీద విలువ తెలిసిన రెండు బిందువులను మోడల్‌లో చదివి సరిపోల్చాలి.

ఇప్పుడు నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునే సదుపాయానికి వస్తాను. రోడ్ల డిజైన్‌కు వాడే ఆటోడెస్క్ వారి సివిల్ త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో దాన్ని డేటా షార్ట్‌కట్ అంటారు. అది కొత్తదేమీ కాదు, అయినా దాన్ని పూర్తిగా వాడుకుంటున్నవాళ్లు నాకు తక్కువగా కనిపిస్తారు. మునుపు రోడ్డు డిజైనరు తన ఫైలును కాపీ చేసి అందరికీ పంపేవాడు. అలైన్‌మెంట్ (రోడ్డు పోయే దారి గీత) మారిన మర్నాడు ఎవరి దగ్గర ఏ కాపీ ఉందో తెలిసేది కాదు. షార్ట్‌కట్ ద్వారా ఇస్తే సర్ఫేస్, అలైన్‌మెంట్, ప్రొఫైల్ (ఆ దారి వెంట ఎత్తుపల్లాల గీత) అసలు ఫైలులోనే ఉంటాయి. మిగతావాళ్లు వాటిని చూడగలరు, వాటి ఆధారంగా తమ పని చేసుకోగలరు, వాటిని కదపలేరు. అసలు మారితే తమ ఫైలులో సూచన కనిపిస్తుంది. బెంట్లీ వారి ఓపెన్‌రోడ్స్ డిజైనర్ సాఫ్ట్‌వేర్‌లో రిఫరెన్సు ఫైళ్లతో ఇదే క్రమం నడుస్తుంది.

ఇది సవ్యంగా సాగాలంటే సర్ఫేస్‌కు ఒక ఫైలు, అలైన్‌మెంట్లు, ప్రొఫైళ్లకు ఒకటి, కారిడార్‌కు (రోడ్డు పూర్తి త్రీడీ మోడల్‌కు) ఒకటి, షీట్లకు వేరొకటి ఉండాలి. అన్నీ ఒకే దాంట్లో కుక్కితే ఒకరు తెరిచినప్పుడు మిగతావాళ్లు ఎదురుచూడాలి. ఎక్స్‌రెఫ్, అంటే వేరే డ్రాయింగు ఫైలు లింకు, తగిలించేటప్పుడు ‘అటాచ్’ బదులు ‘ఓవర్‌లే’ ఎంచుకుంటే ఒకదాని వెనుక ఒకటి అక్కర్లేని ఫైళ్లన్నీ వెంటపడి రావు. పని మొదలయ్యాక ఫోల్డర్ల పేర్లు మార్చకూడదు, లింకులు తెగుతాయి. ఇంకొకటి: కొత్త వెర్షన్ వచ్చిందని నడుస్తున్న ప్రాజెక్టును దానిలోకి ఎక్కించకండి. కొత్త దాంట్లో సేవ్ చేసినవి పాత దాంట్లో సవరణకు లొంగకపోవచ్చు. అవతలి బృందం దగ్గర పాత వెర్షనే ఉంటే పని అక్కడే ఆగుతుంది.

కారిడార్ విషయంలో ఒక లెక్క మీ పాఠకుల ముందుంచుతాను. రోడ్డు వెంట ఎంతెంత దూరానికి సెక్షన్ తీసుకోవాలో మనమే చెప్పాలి. తిన్నగా పోయే రోడ్డుకు 25 మీటర్లకొకటి చాలు. అదే అంతరాన్ని 50 మీటర్ల వ్యాసార్ధమున్న మలుపులో ఉంచితే రెండు సెక్షన్ల మధ్య అంచు గీత తిన్నగా సాగి, నిజమైన వంపు నుంచి సుమారు 1.55 మీటర్లు లోపలికి జరుగుతుంది. 5 మీటర్లకు తగ్గిస్తే ఆ తేడా 6 సెంటీమీటర్లే. మరీ మీటరుకొకటి పెడితే ఫైలు బరువెక్కి, చిన్న మార్పుకు కూడా చాలాసేపు పడుతుంది. కాబట్టి మలుపుల్లో, కూడళ్లలో, ప్రొఫైల్ శిఖరాల దగ్గర, పల్లాల దగ్గర దగ్గరదగ్గరగా, మిగతాచోట్ల దూరంగా ఇవ్వాలి. వరుసగా మార్పులు చేస్తున్నంతసేపు మార్పు జరిగిన ప్రతిసారీ మోడల్‌ను తిరిగి కట్టే ఆటోమేటిక్ రీబిల్డ్ ఆపి ఉంచి, చివర్లో ఒక్కసారి చేయించాలి.

కొత్తవాటిలో రెండింటి గురించి చెబుతాను. సివిల్ త్రీడీ 2020 వెర్షన్‌తో డైనమో అనే ఆటోమేషన్ సాధనం వచ్చింది. కోడ్ రాయడం అంతగా రానివాళ్లు కూడా పెట్టెలను గీతలతో కలిపి ఒక పని క్రమాన్ని తయారుచేసుకోవచ్చు. వందల మ్యాన్‌హోళ్లకు వరుస పేర్లు పెట్టడం, వాటి మూత మట్టాలు, అడుగు మట్టాలు పట్టికగా ఎక్సెల్‌కు పంపడం లాంటి విసుగు పుట్టించే పనులకు ఇది వరం. కానీ ఒకరు తయారుచేసిన క్రమాన్ని మరొకరు చదివి అర్థం చేసుకోకుండా నడపకూడదు, మొదటిసారి కాపీ ఫైలు మీదనే నడపాలి. రెండోది 2022 వెర్షన్‌తో వచ్చిన గ్రేడింగ్ ఆప్టిమైజేషన్. పార్కింగ్ స్థలాల్లాంటి చోట కనిష్ఠ వాలు ఎంత, గరిష్ఠ వాలు ఎంత, నీళ్లు ఎటు పోవాలి అని చెబితే, తవ్వకం, మెరక సరితూగేలా నేల ఆకారాన్ని అదే వెతికిపెడుతుంది. నాకు బాగా నచ్చింది. అయితే ఆ పరిమితులు ఇవ్వాల్సింది డిజైనరే. నీళ్లు ఎటు పోవాలో కాగితం మీద బాణం గుర్తులతో గీయలేనివాళ్లు ఆ కిటికీలో ఏ అంకె వేస్తారు?

మట్టిపని పరిమాణాలకు రెండు పద్ధతులతో లెక్క తీయడం అలవాటు చేసుకోవాలి. సెక్షన్ల సగటు పద్ధతి సులువే, కానీ మెరక తగ్గుతూ సున్నాకు చేరే చివరి భాగంలో అది ఎక్కువ చూపుతుంది. ఒక కొస వైశాల్యం A, రెండో కొస సున్నా అయితే, సగటు పద్ధతి Aలో సగాన్ని పొడవుతో గుణిస్తుంది. ఆకారం పిరమిడ్‌లా తగ్గుతుంటే నిజమైన ఘనపరిమాణానికి Aలో మూడో వంతునే పొడవుతో గుణించాలి. అందుకే రెండు సర్ఫేస్‌ల మధ్య ఘనపరిమాణం కూడా తీసి పక్కపక్కన పెట్టాలి. తేడా ఎక్కువుంటే కారణం దొరికేదాకా వెతకాలి.

ఈ పట్టుదల దేనికని అడిగేవాళ్లకు నేను నార్వేలోని స్లైప్నర్ ఎ ఉదంతం చెబుతాను. 1991 ఆగస్టు 23న సముద్రంలో గ్యాస్ తీయడానికి కడుతున్న ఆ వేదిక కాంక్రీటు పీఠం పరీక్షలో భాగంగా నీట దించుతుండగా మునిగిపోయింది. కంప్యూటర్ విశ్లేషణలో నిర్మాణాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టే వల ముతకగా ఉండటంతో కోత ఒత్తిడి 47 శాతం తక్కువగా అంచనాకు వచ్చింది. తర్వాత సూక్ష్మంగా లెక్కిస్తే 62 మీటర్ల లోతులో విఫలమవుతుందని తేలింది. నిజంగా విఫలమైంది 65 మీటర్ల దగ్గర. సరైన జవాబు లెక్కకు అందనిదేమీ కాదని ఆ రెండు అంకెలే చెబుతున్నాయి.

ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరొకదానికి మోడల్ పంపే విషయం మీ వ్యాసంలో లేనే లేదు. చాలామంది ల్యాండ్‌ఎక్స్‌ఎంఎల్ అనే ఫైలు రూపం వాడుతున్నారు. అది అలైన్‌మెంట్లు, ప్రొఫైళ్లు, సర్ఫేస్‌లు చేరవేస్తుంది, కారిడార్ వెనుకనున్న డిజైన్ నియమాలను చేరవేయదు. వేర్వేరు సాఫ్ట్‌వేర్ల మధ్య మోడళ్లు మార్చుకోవడానికి భవనాల కోసం పుట్టిన ఐఎఫ్‌సీ ప్రమాణం 4.3 రూపంలో రోడ్లు, రైలు మార్గాలు, వంతెనలు, అలైన్‌మెంట్లను కూడా కలుపుకుని, ఐఎస్ఓ 16739-1:2024గా ప్రచురితమైంది. రాబోయే ఏళ్లలో ఉద్యోగాలకు వచ్చే పిల్లలకు ఇది తప్పక అవసరమవుతుంది.

మీకు నా విన్నపం ఇది. ఈసారి ఈ అంశం మీద రాయించేటప్పుడు కమాండ్ల పట్టికకు బదులు ఒక చిన్న రోడ్డు ముక్కను తీసుకుని సర్వే పాయింట్ల నుంచి మట్టిపని పట్టిక దాకా వరుసగా చూపించండి. ఒక్కో చేతిమార్పు దగ్గర ఆగి, అక్కడ ఏం సరిచూడాలో చెప్పించండి. అధ్యాపకులు కూడా పరీక్షలో తుది డ్రాయింగుకు మాత్రమే మార్కులు వేయకుండా, ఒక విద్యార్థి మోడల్‌ను మరొక విద్యార్థి చేతికిచ్చి, అలైన్‌మెంట్‌లో ఒక మార్పు చేయమని, ఆ మార్పు షీట్ల దాకా సరిగ్గా చేరిందో లేదో చూపించమని అడగవచ్చు. అలాంటి వ్యాసానికి నమూనా ఫైళ్లు, వివరణ తయారుచేసి ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక రహదారి డిజైన్ ఇంజనీరు