విషయం: నా పడవలో ఎంతమంది ఎక్కచ్చో 5 నెలలుగా చెప్పని మీ కంపెనీ గురించి

కస్టమర్ కేర్ విభాగం పెద్దలకు,

నమస్కారం. ఇది నేను మీకు రాస్తున్న పదో ఉత్తరం. మొదటి తొమ్మిదీ ఈమెయిళ్ళు. వాటన్నిటికీ ఒకటే జవాబు వచ్చింది: "మీ సందేశం అందింది. మీరు మాకు ఎంతో విలువైనవారు." విలువైనవాణ్ణని తెలిసి చాలా సంతోషించాను. ఈసారి కాగితం మీద రాస్తున్నాను. దీన్ని చెత్తబుట్టలో వేయాలన్నా ఎవరో ఒకరు చేత్తో పట్టుకోవాలి కదా.

ముందే చెబుతున్నాను, పడవ మీద నాకు ఫిర్యాదు లేదు. స్టీరింగ్ పక్కన మీరు అతికించే ప్లేటు ఉంటుందే, కంపెనీ పేరు, యూరప్ భద్రతా నియమాలకు సరిపోతుందని మీరు వేసే సీఈ గుర్తు, ఎంతమంది ఎక్కచ్చు, ఎంత బరువు వేయచ్చు అని రాసి ఉండేది, గొడవంతా దాని గురించి. ప్లేటు అంటున్నాను గానీ అది ఉత్త స్టిక్కరు. ఒక్క ఎండాకాలానికే వెలిసిపోయింది, ఓ మూల లేచింది, చివరికి సగం చిరిగి నీళ్ళలో పడిపోయింది. మిగిలిన సగం మీద సీఈ గుర్తు, 'డి' అనే అక్షరం ఉన్నాయి. ఎంతమంది అన్న అంకె ఇప్పుడు చేపలకే తెలుసు.

ఊడినందుకు కూడా నాకు కోపం రాలేదు. ఒక ఫోన్ కొడితే ఇంకోటి పంపిస్తారు, అంతే కదా అనుకున్నాను.

మొదటి ఫోన్‌లో మాట్లాడిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "పడవ స్టార్ట్ అవుతోందా సార్?" అని అడిగింది. అవుతోందన్నాను. "అయితే సమస్య లేనట్టే కదా సార్" అని నా ఫిర్యాదు టికెట్ మూసేసింది. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది వ్యవహారం. రెండోసారి చేస్తే స్పేర్ పార్ట్స్ వాళ్ళకు కలిపారు. స్టిక్కరు స్పేర్ పార్ట్ కాదు, డాక్యుమెంట్ కిందికి వస్తుందన్నారు వాళ్ళు. డాక్యుమెంట్ల వాళ్ళేమో మాది పుస్తకాల వరకే అని చెప్పి, దయతలచి ఒక పీడీఎఫ్ పంపారు. 140 పేజీలు. తెరిచి చూస్తే అది నా పడవది కాదు, తెరచాప ఉన్న వేరే మోడల్‌ది. నా పడవకు తెరచాప ఎక్కడుందో మీకేమైనా తెలిస్తే చెప్పండి.

మూడోసారి ఒకబ్బాయి పడవ గుర్తింపు నంబరు అడిగాడు. ఇతను కాస్త పని తెలిసిన మనిషిలా ఉన్నాడే అని ఆశ పుట్టింది. వానలో గొడుగు పట్టుకుని వెళ్ళి, పడవ వెనక కుడివైపు చెక్కిన నంబరు ఒక్కో అక్షరం చదివి చెప్పాను. మొత్తం 14. "మా ఫారంలో 12 అక్షరాలే పడతాయి సార్" అన్నాడు. ముందున్న రెండూ దేశం గుర్తు, అవి తీసేసి వేసి చూడు నాయనా అన్నాను. వేశాడు. "ఈ నంబరుతో మేం పడవ తయారు చేయలేదు సార్." అంటే నేను తయారు చేసుకున్నానా ఇంట్లో కూర్చుని?

పోనీ ఆ 'డి' అంటే ఏమిటో చెప్పమన్నాను, వీళ్ళ తెలివి చూద్దామని. రెండు నిమిషాలు నీళ్ళు నమిలి "డీలక్స్ సార్" అన్నాడు. అయ్యా, మీ సొంత పడవ మీద మీరు వేసిన అక్షరం అది. గాలి, దాని బలాన్ని చెప్పే బ్యూఫోర్ట్ కొలతలో 4 దాటకుండా, అలలు మామూలుగా 0.3 మీటర్లకు, ఎప్పుడో ఒకటి వచ్చినా 0.5 మీటర్లకు మించకుండా ఉండే నీళ్ళకే ఈ పడవ అని దాని అర్థం. డీలక్స్ కదా అని ఎవరైనా కుటుంబంతో సముద్రంలోకి పోతే ఫోన్ ఎత్తేది మళ్ళీ ఈ అబ్బాయేనా?

అంకె నాకెందుకు కావాలో కూడా వినండి, ఇంతవరకూ మీలో ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. మాన్యువల్‌లో 6 అని ఉంది. కొనేటప్పుడు ఇచ్చిన బ్రోషర్‌లో 7. అమ్మినతను "చిన్నపిల్లలైతే 8 కూడా వెళ్ళచ్చు సార్" అన్నాడు. అదే మాన్యువల్‌లో గరిష్ఠ బరువు 450 కిలోలు. మనిషికి 75 కిలోల లెక్క వేస్తే ఆరుగురితోనే సరిపోయింది. మరి లంగరు, లైఫ్ జాకెట్లు, తిండి సామాను గాలిలో తేలుతూ వస్తాయా? పోయిన నెల చుట్టాలు వచ్చారు. ఏడుగురం ఒడ్డున నిలబడ్డాం. "ఇంకొక్కరికి ఏమవుతుందిలే" అంది మా ఆవిడ. ఆ ఒక్కరి బరువుకే పడవ అంచు ఎంత కిందికి దిగుతుందో, చిన్న అలకే నీళ్ళు లోపలికి ఎలా వస్తాయో నాకు తెలుసు. మా బావగారిని ఒడ్డునే కూర్చోబెట్టాను. ఆయన ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడటం లేదు. ఇది కూడా మీ ఖాతాలోనే రాసుకోండి.

ఇక మీ డీలర్ సలహా. ఇది మీ ఆఫీసులో ఫ్రేము కట్టించుకోదగ్గది. "స్టిక్కరే కదా సార్, బయట ప్రింట్ వేయించుకోండి. ఎంతమంది కావాలంటే అంత రాయించుకోవచ్చు." మరి 20 అని రాయించుకోనా? మా కాలనీ మొత్తాన్నీ ఎక్కించుకుంటాను.

ఆ మర్నాడే టికెట్ 'పరిష్కరించబడింది' అని మెసేజ్ వచ్చింది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని అడుగుతూ. ఒకటి ఇచ్చాను. రెండు నిమిషాల్లో థ్యాంక్స్ చెబుతూ జవాబు! 5 నెలల్లో మీ నుంచి వచ్చిన వేగమైన జవాబు అదే.

ఇది మీ దగ్గర మేం కొన్న మూడో పడవ. మొదటిది మా నాన్నగారు కొన్నారు. దాని ప్లేటు అల్యూమినియంది, నాలుగు రివెట్లు కొట్టి ఉండేది. పడవ శిథిలమై విప్పేశాక కూడా ఆ ప్లేటు మా ఇంట్లో ఉంది, అంకెలు ఇప్పటికీ చదవచ్చు. నా మాట మీద మా తమ్ముడూ మీ పడవే కొన్నాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని మా నాన్న ఊరికే అనేవారు కాదు.

ఆ సీఈ గుర్తు వేసుకున్నది మీరే. 2013/53 నంబరు యూరప్ ఆదేశం ప్రకారం ఈ ప్లేటు పడవకు శాశ్వతంగా బిగించి ఉండాలి, గుర్తింపు నంబరుకు వేరుగా ఉండాలి. శాశ్వతం అంటే మీ కంపెనీలో ఒక ఎండాకాలమా? నేను వినియోగదారుల కోర్టుకు వెళ్తాను. పడవల భద్రత చూసే అధికారులకు ఆ సగం స్టిక్కరు కవరులో పెట్టి పంపిస్తాను. నా పడవ నంబరు చూసి, దానికి రివెట్లు కొట్టే ప్లేటు, అందులో సరైన అంకె, ఎందుకింత ఆలస్యమైందో మీ డైరెక్టరు గారి సంతకంతో ఒక ఉత్తరం, ఇవి 15 రోజుల్లో రాకపోతే పడవ వెనక్కి తీసుకుని డబ్బు మొత్తం ఇచ్చేయండి. మా బావగారికి సారీ చెప్పడం కూడా మీ పనే. ఇదేమీ జోకు కాదు.

"మీ సందేశం అందింది" అని మాత్రం దయచేసి పంపకండి.

ఇట్లు,
మీ విలువైన కస్టమరు

తాజాకలం: పడవ నంబరు 14 అక్షరాలూ ఈ కాగితం వెనక పెద్దగా రాశాను. ఫారంలో పట్టకపోయినా కాగితం మీద పట్టాయి.