మన కాలనీ వయోవృద్ధుల సంఘం: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది వేడుక, కార్తీక వనభోజనాలు, బీపీ షుగర్ పరీక్షలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు నోటీసు బోర్డులో పెట్టాం. ఈసారి ఎక్కువ చెప్పాల్సింది స్నానం కుర్చీల గురించే.

పక్షవాతం నుంచి కోలుకుంటున్న సభ్యులకు వాడుకోవడానికి ఇద్దామని చందాలతో ఈ కుర్చీలు కొన్నాం. మొదట చక్రాలున్నది తెచ్చాం. చూడటానికి దర్జాగా ఉంది. తీరా ఇంటికి తీసుకెళ్తే బాత్రూం తలుపులో పట్టలేదు, గడపా దాటలేదు. కొలవకుండా కొన్న తప్పు నాదే. షాపులో మార్చి ఇచ్చారు గానీ ఆటో కిరాయి రెండుసార్లు పడింది.

చివరికి పనికొచ్చింది అల్యూమినియం కాళ్లు, వీపు ఆనుకోవడానికి పలక, రెండు పక్కలా చేతులు ఉన్న మామూలు కుర్చీ. కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేలా దాని కాళ్ల ఎత్తు సరిచేసుకోవాలి. ఎంత బరువు మోస్తుందో లేబుల్ మీద చూడాలి. ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ కుర్చీ చాలదా అని చాలామంది అడిగారు. చాలదు. తడి టైల్స్ మీద జారుతుంది, ఒక పక్కకే బరువు మోపి లేస్తే ఒరిగిపోతుంది. మంచి కుర్చీ అయినా నీళ్లు పోయే తూము దగ్గర, వాటం మారే చోట వేస్తే ఒక కాలు గాల్లో ఉంటుంది. వేశాక చేత్తో ఊపి చూడండి.

ఒక ఆదివారం ఫిజియోథెరపిస్ట్‌ను పిలిపించాం. ముందు పొడి నేల మీద, బట్టలతోనే కూర్చోవడం, లేవడం చేయించారు. కుర్చీ అంచు కాళ్ల వెనక తగిలాకే, బాగున్న చేత్తో కుర్చీ చేతిని పట్టుకుని మెల్లగా కూర్చోవాలట. బకెట్, మగ్గు బాగున్న వైపే, వంగక్కర్లేకుండా చిన్న స్టూలు మీద ఉండాలి. పడిపోయిన చేయి పక్కకు వేలాడకుండా ఒళ్లో పెట్టాలి. ఆ వైపు వేడి సరిగ్గా తెలియకపోవచ్చు కాబట్టి నీళ్లను బాగున్న చేత్తోనే చూసుకోవాలి. లోపల గడియ పెట్టుకోకూడదు. తలంటు రోజు నూనె నేల మీద పడితే, లేవకముందే ఎవరైనా సబ్బుతో కడిగేయాలి.

టవల్ రాడ్డు సంగతి కూడా చెప్పాలి. ఒక సభ్యుడు దాన్ని పట్టుకుని లేవబోతే గోడలోంచి ఊడి చేతికొచ్చింది. కోడలు పక్కనే ఉంది కాబట్టి సరిపోయింది. మనిషి బరువు ఆపే రాడ్డు వేరు, దాన్ని గోడకు గట్టిగా బిగించాలి.

మనది బోరు నీళ్లు కావడంతో తిరిగొచ్చిన ఒక కుర్చీకి కాళ్ల ఎత్తు మార్చే బటన్లు ఉప్పు పట్టి బిగుసుకుపోయాయి. వాడాక మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. కాళ్ల కింద రబ్బరు అరిగితే మాకు చెప్పండి, మార్పిస్తాం.

ప్రస్తుతం ఒక కుర్చీ ఖాళీగా ఉంది. కావలసినవారు బాత్రూం తలుపు వెడల్పు, గడప ఎత్తు రాసుకుని రండి.

– కార్యదర్శి