మరమ్మతు గురించి కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

రాకెట్ ఎగిరిన ప్రతిసారీ మీరు మొదటి పేజీలో పెద్ద ఫొటో వేస్తారు. చూసి గర్వపడతాను. తణుకులో 31 ఏళ్లుగా టీవీలు, స్టెబిలైజర్లు బాగుచేసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. నా మనసులో నిలిచిపోయింది మాత్రం 2009 మే 17న జరిగిన ఒక మరమ్మతు.

అంతరిక్షంలో తిరిగే హబుల్ టెలిస్కోపులో నక్షత్రాల వెలుగును విడదీసి చూసే పరికరం ఒకటి 2004లో ఆగిపోయింది. పోయింది పవర్ సప్లై. మా షాపులో రోజూ చూసే జబ్బే. బోర్డు మారిస్తే సరిపోతుంది, కానీ దాని మూతకు 111 చిన్న చిన్న స్క్రూలు! అంతరిక్షంలో విప్పాల్సి వస్తుందని ఎవరూ అనుకోకుండా చేసిన పెట్టె అది. మేమైతే విప్పిన స్క్రూలు అగ్గిపెట్టెలో వేసుకుంటాం. అక్కడ ఒక్కటి చేజారినా తేలుతూ టెలిస్కోపులోకే పోవచ్చు. అందుకని మూత మీద రంధ్రాలున్న పలక బిగించి, ఊడిన స్క్రూ దాని కిందే ఉండిపోయేలా ఏర్పాటు చేసుకున్నారు.

ఆ పలక బిగించాలంటే ముందు అడ్డంగా ఉన్న కడ్డీ తీయాలి. దానికి నాలుగే స్క్రూలు. ఒకదాని తల అరిగిపోయింది. డ్రైవర్ తిరుగుతోంది, స్క్రూ కదలదు. ఆ క్షణంలో చేతులకు పట్టే చెమట ఈ పని చేసేవాళ్లకే తెలుస్తుంది. ఆ పని చేస్తున్న వ్యోమగామి మైక్ మాసిమినో తొందరపడలేదు. కింద అమెరికాలోని మేరీల్యాండ్‌లో ఉన్న నాసా గొడ్డార్డ్ కేంద్రంలో ఇంజినీర్లు అలాంటి కడ్డీనే లాగి, ఎంత బలానికి ఊడుతుందో చూసి చెప్పారు. ముక్కలు ఎగిరిపోకుండా టేపు చుట్టి, ఒక్క గుంజు గుంజాడు. ఊడొచ్చింది. ఆ తర్వాత 111 స్క్రూలూ విప్పి బోర్డు మార్చాడు. తోడుగా మరో వ్యోమగామి మైక్ గుడ్ ఉన్నాడు. వాళ్లు నౌక బయట గడిపింది 8 గంటల పైమాటే. పరికరం మళ్లీ పనిచేసింది.

నా దగ్గర పని నేర్చుకునే ఇద్దరు కుర్రాళ్లకు ఇది చెబితే, "మనం చేసే పనేనా అన్నా?" అన్నారు. అవును, ఆ పనే. "బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి" అని పంపేసే ఈ రోజుల్లో వాళ్లకు ఈ సంగతి చాలా అవసరం. ఐటీఐ పిల్లలకూ అంతే.

మీ ఆదివారం సంచికలో ఆ కడ్డీ, ఆ పలక బొమ్మలు గీయించి, పని ఎలా జరిగిందో వరుసగా వేయండి. కత్తిరించి బల్ల పైన గోడకు అంటించుకుంటాం.

ఇట్లు,
ఒక టీవీ మెకానిక్, తణుకు