కోడ్ చూసి సెన్సర్ మార్చేయం, అందుకే ఆలస్యం

కస్టమర్లందరికీ నమస్కారం.

బోటు వెనక బిగించే ఫ్యూయల్ ఇంజెక్షన్ ఔట్‌బోర్డ్ ఇంజిన్లు ఈమధ్య మా దగ్గర ఎక్కువ రోజులు ఉండిపోతున్నాయి. "స్కానర్‌లో కోడ్ వచ్చింది కదా, ఆ సెన్సర్ మార్చి ఇచ్చేయండి" అని చాలామంది అడుగుతున్నారు. మేం అలా చేయడం లేదు, ఇకముందూ చేయం. కారణం చెప్తాను.

సెన్సర్ కోడ్ సాధారణంగా చెప్పేది ఫలానా సర్క్యూట్‌లో వోల్టేజీ హద్దు దాటిందని మాత్రమే. లోపం సెన్సర్‌లో ఉండొచ్చు, వైర్లో ఉండొచ్చు, కనెక్టర్ పిన్నుకు పట్టిన పచ్చటి చిలుములోనూ ఉండొచ్చు. పైగా చాలా ఇంజిన్లలో ఈసీయూ (ఇంజిన్ని నడిపించే కంప్యూటర్) ఇచ్చే 5 వోల్టుల లైను ఒకటే రెండు మూడు సెన్సర్లకు వెళ్తుంది. ఒకటి షార్ట్ అయితే మిగతావి కూడా తప్పుడు రీడింగ్ చూపిస్తాయి. అప్పుడు ఒక్కో కనెక్టర్ ఊడదీస్తూ, దేన్ని తీస్తే 5 వోల్టులు తిరిగొస్తాయో చూడాలి.

టెస్టింగ్ మేం చల్లటి ఇంజిన్‌తో మొదలుపెడతాం. రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్‌లో ఇంజిన్ టెంపరేచర్, లోపలికొచ్చే గాలి టెంపరేచర్ దాదాపు ఒకేలా కనిపించాలి. స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేస్తే, ఎంఏపీ సెన్సర్ (ఇంజిన్ లోపలికి గాలి వెళ్లే దారిలో పీడనం కొలిచేది) బయటి గాలి పీడనాన్నే చూపించాలి. సముద్రమట్టం దగ్గర అది సుమారు 101 కిలోపాస్కల్. ఈ రెండూ చూస్తే చాలు, సగం అనుమానాలు తీరిపోతాయి.

టెంపరేచర్ సెన్సర్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. కనెక్టర్‌లో చిలుము వల్ల రెసిస్టెన్స్ పెరిగితే, ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ పెట్రోలు ఎక్కువ వదులుతుంది. స్పార్క్ ప్లగ్గులు నల్లగా, తడిగా బయటికొస్తాయి. కొత్త ప్లగ్గులు వేస్తే కొన్నాళ్లు బాగానే నడిచి మళ్లీ అదే గొడవ. పాపం, ఓనరు ప్లగ్గుల మీద, కాయిల్స్ మీద డబ్బు పోస్తూనే ఉంటారు.

స్పార్క్ రావడం లేదంటే ముందు కిల్ స్విచ్ (ఇంజిన్ని వెంటనే ఆపేసే స్విచ్) క్లిప్, బ్యాటరీ, ఎర్త్ వైర్లు చూస్తాం. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ 10 వోల్టుల కిందికి జారిపోతుంటే మిగతా టెస్టులు చేసి లాభం లేదు. ఆ తర్వాత క్రాంక్ సెన్సర్, అంటే ఇంజిన్ తిరుగుతోందని ఈసీయూకు చెప్పేది. దాని సిగ్నల్ లేకపోతే ఈసీయూ స్పార్కూ ఇవ్వదు, ఇంజెక్టర్లనూ తెరవదు. ఆ సెన్సర్ చల్లగా ఉన్నప్పుడు బాగానే పనిచేసి, వేడెక్కాక మొరాయించే కేసులే ఎక్కువ టైం తింటాయి. మామూలు మల్టీమీటర్‌కు అందని ఆ చిన్న పల్సును పీక్ వోల్టేజ్ అడాప్టర్‌తో కొలవాలి. ఇంజిన్‌కు చల్లబరిచే నీళ్లు పెట్టి, లోపం బయటపడేదాకా నడపాలి. బోటు ఒడ్డుకు దూరంగా ఉన్నప్పుడు ఆగిపోయే ఇంజిన్‌ను "బాగైంది" అని మీ చేతికివ్వడం నాకిష్టం లేదు.

బిల్లు విషయం కూడా చెప్తాను. టెస్టింగ్‌కు పట్టిన సమయానికి లేబర్ తీసుకుంటాం. ఏ పార్టయినా మార్చేముందు రీడింగ్ మీకు చూపిస్తాం.

మీరు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇంజిన్ తెచ్చేముందు కోడ్లు చెరిపేయకండి. తీసిన ప్లగ్గులు పారేయకుండా ఏది ఏ సిలిండర్‌దో రాసి తీసుకురండి. కొత్తవి వేసి ఉంటే నంబరులో 'ఆర్' అక్షరం ఉందో లేదో చూడండి. రెసిస్టర్ లేని ప్లగ్గు వల్ల పుట్టే ఎలక్ట్రికల్ నాయిస్ సెన్సర్ సిగ్నళ్లను చెడగొడుతుంది. ప్లగ్గు బయటికి తీసి, ఎర్త్ చేయకుండా స్పార్క్ చూసే ప్రయత్నం మాత్రం దయచేసి చేయొద్దు. పెట్రోలు ఆవిరి అంటుకోవచ్చు, కాయిలూ ఈసీయూ దెబ్బతినొచ్చు. ఇంజిన్ ఆగింది స్టార్ట్ చేసిన వెంటనేనా, వేడెక్కాకనా, మళ్లీ ఎంతసేపటికి స్టార్టయింది, ఇవి గుర్తుపెట్టుకుని చెప్పండి.