బొమ్మ విరిచారని పిల్లల్ని కొట్టకండి

సంపాదకులకు,

రొట్టెల పండుగ అంగళ్లలో కొన్న కారు సాయంత్రానికే ముక్కలైందని పిల్లల్ని కొట్టడం అన్యాయం. లోపల ఏముందో చూడాలన్నదే వాళ్ల ఆరాటం. పైగా తప్పు చాలాసార్లు బొమ్మదే. వెనక్కి లాగి వదిలే కారులో స్ప్రింగు పూర్తిగా బిగుసుకున్నాక ఇంకా లాగితే లోపలి పలుచని ప్లాస్టిక్ పళ్లచక్రం పళ్లు అరిగిపోతాయి. ఇక కారు కదలదు. అప్పుడు విప్పి చూడక ఏం చేస్తారు?

అసలు భయపడాల్సింది బొమ్మలో ఉండే బిళ్ల బ్యాటరీకి. మింగితే 2 గంటల్లోనే ఆహారనాళం కాలిపోవచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బొమ్మలో బ్యాటరీ పెట్టే గూడు మూతకు స్క్రూ ఉందో లేదో చూసి కొనండి. 2021 నుంచి ఫ్యాక్టరీ బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి.

విప్పాలనే పిల్లలకు పాడైన టార్చిలైటును సెల్లులు తీసేసి, స్క్రూడ్రైవరుతో పాటు ఇచ్చి పక్కనే కూర్చోండి.

– బొమ్మల మరమ్మతుదారులు, నెల్లూరు