పెట్టె మీద 1000 తూటా కేసులు, మాన్యువల్లో 7 కిలోలు: మీ టంబ్లర్‌పై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: కాల్చిన తూటాల ఇత్తడి కేసులు (ఖాళీ తొడుగులు) నీళ్లతో, తిరిగే డ్రమ్ములో కడిగే మీ వెట్ టంబ్లర్ బెల్టు, మోటారు పాడవడం, పెట్టె మీది అంకెకూ మాన్యువల్లోని బరువు పరిమితికీ పొంతన లేకపోవడం, మాన్యువల్లోని అమ్మోనియా సలహా.

అయ్యా,

మీ టంబ్లర్ కొని ఆరు వారాలైంది. నాలుగోసారి వాడుతుండగా బెల్టు కాలిపోయింది. ఇప్పుడు స్విచ్ వేస్తే మోటారు మూలుగుతుంది గానీ డ్రమ్ము కదలదు. వారంటీ కింద బాగుచేయమని అడిగితే మీ వాళ్లు ఒక్క ముక్కలో తేల్చేశారు: "ఓవర్‌లోడ్ చేశారు, వారంటీ వర్తించదు." ఓవర్‌లోడ్ అయిన మాట నిజమే. చేయించింది మీ పెట్టె.

షూటింగ్ రేంజిలో కాల్చిన తూటాల కేసులు ఏరుకొచ్చి, శుభ్రం చేసి మళ్లీ నింపుకునే అలవాటు నాది. ఇన్నేళ్లూ వైబ్రేటరీ టంబ్లర్‌తోనే నెట్టుకొచ్చాను. మొక్కజొన్న కండెల నూక పోసి, మూడు గంటలు వదిలేస్తే కేసు పైన బాగానే మెరుస్తుంది. కానీ అడుగున ప్రైమర్ (తూటాలోని మందును అంటించే చిన్న మూత) కూర్చునే గుంటలో మసి అలాగే ఉంటుంది. పైగా మూత తీసినప్పుడల్లా లేచే దుమ్ము. ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది, అది ఆ దుమ్ములో కలిసి ముక్కులోకి పోతుంది. అందుకే నీళ్లు, స్టీల్ పిన్నులతో పనిచేసే మెషిన్‌కు మారదామనుకున్నాను. తర్వాత కేసులు ఆరబెట్టుకోవడం ఓ అదనపు పని, తెలిసే ఒప్పుకున్నాను.

మూడు మెషిన్లు పక్కపక్కన పెట్టి చూశాను. మూడింటికీ రబ్బరు లైనింగ్ డ్రమ్మే, టైమరే, బెల్టే. తేడా ఒక్కటే: మీ పెట్టె మీద పెద్ద అక్షరాల్లో "9 ఎంఎం కేసులు 1000" అని ఉంది. ఆ అంకె చూసే మీది కొన్నాను.

మొదటి మూడుసార్లు రెండేసి వందల కేసులే వేశాను. ఉన్న మాట చెప్పాలి, అద్భుతంగా వచ్చాయి. చుక్క డిష్‌వాష్, చిటికెడు నిమ్మ ఉప్పు, రెండు గంటలు, అంతే. పాత ప్రైమర్ ముందే తీసేసి వేయడంతో ఆ గుంటలు కూడా కొత్తవాటిలా తేలాయి. కొన్ని కేసుల అడుగు రంధ్రంలో రెండేసి పిన్నులు ఇరుక్కున్నాయి, సూదితో పొడిచి తీసుకున్నాను. ఆ గొడవ ఇలాంటి పిన్నులన్నిటికీ ఉన్నదే, దాన్ని మీ మీద వేయను.

నాలుగోసారి 600 కేసులు వేశాను. వెయ్యి పట్టేదానికి ఆరు వందలు ఒక లెక్కా అనుకున్నాను. నలభై నిమిషాలకు పక్కగదిలోకి రబ్బరు కాలిన వాసన వచ్చింది. వెళ్లి చూస్తే డ్రమ్ము ఆగిపోయి ఉంది, షాఫ్టు మాత్రం బెల్టు కింద గిర్రున తిరుగుతోంది. మెషిన్ ఆపి బెల్టు విప్పాను. లోపలి వైపు అద్దంలా నున్నగా అరిగి, ఒకచోట కరిగి, వేలికి నల్లగా అంటుకుంది. మూత అంచు నుంచి కారిన నల్లనీళ్లు బల్ల మీదుగా నేల దాకా పాకాయి.

మీ జవాబు వచ్చాక మాన్యువల్ మళ్లీ తీశాను. 11వ పేజీలో, చిన్న అక్షరాల్లో, డ్రమ్ములో మొత్తం బరువు 7 కిలోలు దాటకూడదని ఉంది. మొత్తం అంటే కేసులు, పిన్నులు, నీళ్లు అన్నీ కలిపి. సరే, తూకం వేద్దామని కూర్చున్నాను. 9 ఎంఎం ఖాళీ కేసు ఒక్కోటి సుమారు 4 గ్రాములు. వెయ్యి కేసులంటే 4 కిలోలు. మీరు పెట్టెలో ఇచ్చిన పిన్నులు 2.3 కిలోలు. ఇక నీళ్లకు మిగిలింది 700 గ్రాములు, అంటే లీటరు కూడా కాదు. అదే మాన్యువల్, అదే పేజీ, కేసులు మునిగేలా నీళ్లు పోయమంటుంది. దానికి కనీసం మూడున్నర లీటర్లు కావాలి, కొలిచి చూశాను. అలా పోస్తే ఇత్తడికి మిగిలేది 1.2 కిలోలు, అంటే 300 కేసులు. నేను వేసిన 600 కేసులతో బరువు 8.2 కిలోలకు చేరింది.

ఆ వెయ్యి అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో నాకైతే అర్థం కాలేదు. పొడి కేసులతో డ్రమ్మును మూతి దాకా నింపి లెక్కపెట్టారేమో! నిండు కుండ తొణకదంటారు, నిండు డ్రమ్ము సంగతీ అంతే. లోపల ఖాళీ ఉండి కేసులు ఒకదాని మీద ఒకటి దొర్లితేనే పిన్నులు పనిచేస్తాయి. ఈ సంగతి మెషిన్ తయారుచేసే మీకు నేను చెప్పాల్సింది కాదు.

బెల్టు పోతే ఇంకో బెల్టు వేసుకోవచ్చు. నాకు అంతకంటే టెన్షన్ పెట్టింది 14వ పేజీ. "మెరుపు చాలకపోతే అమ్మోనియా ఉన్న క్లీనర్ రెండు చెంచాలు కలపండి" అని అక్కడ రాశారు. ఈ కేసుల ఇత్తడి 70 శాతం రాగి, 30 శాతం జింకు. అప్పటికే సాగదీసి, ఒత్తి తయారుచేసిన లోహం కాబట్టి లోపల ఒత్తిడి ఉంటుంది. అమ్మోనియా తగిలితే అది పగుళ్లిస్తుంది. ఇది కొత్తగా కనిపెట్టిన విషయం కూడా కాదు. బ్రిటిష్ ఇండియాలో సైన్యం వర్షాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాల కేసులు వాటంతటవే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియాయే దానికి కారణమని 1921లో తేల్చారు. ఒకసారి కడిగితే అన్ని కేసులూ పగులుతాయని నేను అనడం లేదు. పగులు కంటికి కనిపించకపోవచ్చు, ఆ కేసు మళ్లీ తుపాకీలోకే, మనిషి ముఖానికి జానెడు దూరంలోకే వెళ్తుంది. మెరుపు కోసం ఆ ప్రమాదం ఎందుకు?

నేను అడిగేవి ఇవి. మెషిన్ వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు తిరిగి ఇవ్వండి. కొత్త బెల్టు పంపిస్తామంటే ఒప్పుకోను, ఎందుకంటే నాకు కావలసింది 600 పట్టే మెషిన్, మీది 300దని ఇప్పుడు తెలిసింది. పెట్టె మీద అంకె మార్చి, పిన్నులు, నీళ్లతో కలిపి ఎన్ని కేసులు పడతాయో రాయండి. 14వ పేజీలోని ఆ వాక్యం తీసేయడమే కాదు, ఇప్పటికే మాన్యువల్ అందుకున్న వాళ్లందరికీ ఆ సంగతి తెలియజేయండి. ఈ మూడోదానికి రిఫండు కన్నా ముందు జవాబు వస్తే సంతోషిస్తాను.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే ఇదే లేఖను వినియోగదారుల ఫిర్యాదుగా దాఖలు చేస్తాను. బిల్లు, కాలిన బెల్టు ఫోటోలు, 11, 14 పేజీల నకళ్లు, పెట్టె ముందు వైపు ఫోటో జత చేశాను. మెషిన్‌ను తీసుకెళ్లడానికి మనిషిని పంపితే పిన్నులతో సహా అప్పగిస్తాను. డ్రమ్ము కడిగి ఆరబెట్టే ఉంచాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు