పశువుల ఆసుపత్రికి రాత్రిళ్లు ఉండవా?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో పశువైద్యం ఇంటి ముంగిటికే వచ్చేసిందని సగం పేజీ వార్త వేశారు. ఫొటోలో కండువాలు, శాలువాలు, బొకేలు అన్నీ ఉన్నాయి. పశువు మాత్రం ఒక్కటీ కనపడలేదు. వెంటనే రాద్దామనుకున్నా, ఇంట్లో బాలింత, నెల నిండని మనవడు ఉండటంతో ఇవాళ్టికి తీరిక దొరికింది.

మా అమ్మాయి పురిటికి వచ్చింది. సిజేరియన్ కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అల్లుడు ఉద్యోగం మీద బెంగళూరులో ఉన్నాడు. అటువంటి సమయంలో ఏడేళ్లుగా మా ఇంట్లో పెరుగుతున్న కుక్కకు అర్ధరాత్రి ప్రాణం మీదికి వచ్చింది. వరండాలో పసుపుపచ్చగా కక్కుతోంది. పొట్ట బిగదీసుకుపోయి చెయ్యి వేస్తే మూలుగుతోంది. లోపల పిల్లాడు పాలకు ఏడుపు. మా ఆవిడ వరండా కడిగి, సబ్బుతో చేతులు కడుక్కుని పిల్లాడిని ఎత్తుకోవడం, మళ్లీ బయటికి రావడం. ఈ మధ్యలో పక్కింటావిడ వచ్చి "పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఇదేంటండీ, బిడ్డకు అంటుకుంటే?" అని ఉచిత సలహా.

ఆటోవాళ్లు కుక్క అనగానే సీట్లు పాడవుతాయన్నారు. చివరికి ఒకతను రెట్టింపు డబ్బులకు ఒప్పుకుంటే, పాత దుప్పట్లో చుట్టి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాను. గేటుకు తాళం. వాచ్‌మన్ నిద్రలోనే "పొద్దున రండి సార్" అన్నాడు. డాక్టరు గారి నంబర్ అడిగితే తనకు ఇవ్వలేదట. పొద్దున వెళ్తే స్కానింగ్ బయట చేయించుకోమని చీటీ. ఆఖరికి నగరంలో ఒక ప్రైవేటు డాక్టరు చూసి, గర్భసంచిలో చీము పట్టిందని, అదే రోజు ఆపరేషన్ చేసి సంచి తీసేశారు. ఆడకుక్కలు ఎదకు వచ్చి వెళ్లిన కొన్ని వారాలకు ఇది వస్తుందట, ఆలస్యమైతే విషం ఒళ్లంతా పాకుతుందట. పిల్లలు పుట్టకుండా ముందే ఆపరేషన్ చేయిస్తే ఈ జబ్బే రాదట. ఇది అంటువ్యాధి కాదని కూడా ఆయనే చెప్పారు. పక్కింటావిడ నమ్మలేదనుకోండి, అది వేరే సంగతి. కుక్క ఇప్పుడు బాగానే తింటోంది.

పశువుల అంబులెన్సును పిలవడానికి 1962 నంబరు ఉంది కదా అంటారు. 2022 మే నెలలో 175 వాహనాలకు జెండా ఊపిన సంగతి నాకూ గుర్తే. అవి పల్లెల్లో పాడి పశువుల కోసం పగటి పూట తిరగడానికి పెట్టినవి. మంచిదే, రైతుకు గేదె పోతే సంసారమే తలకిందులవుతుంది. కానీ ఆ గేదెకు మాత్రం రాత్రి ఈత కష్టమైతే దిక్కెవరు? రోగాలు ఆఫీసు టైమింగ్స్ చూసుకుని వస్తాయా?

కుక్కకు లైసెన్సు తీసుకోమని, రుసుము కట్టమని చెప్పడానికి మున్సిపాలిటీకి ఉన్న శ్రద్ధ, ఆ కుక్కకు రోగమొస్తే ఎక్కడికి వెళ్లాలో చెప్పడానికి లేదు. ఏటా జూలై 6న జునోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బులు) దినం అని ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు, ఫొటోలు దిగుతారు. మిగతా సంవత్సరమంతా ఎవరి తిప్పలు వాళ్లవి. అధికారుల సంగతి సరే, మీ పత్రికైనా ఒకప్పుడు ఇలాంటి వార్త వేసేముందు విలేకరిని ఆసుపత్రికి పంపేది. ఇప్పుడు వాళ్లు పంపిన ప్రకటనే వార్త అయిపోతోంది.

నేను అడిగేది సూపర్ స్పెషాలిటీ కాదు. పట్టణంలోని, చుట్టుపక్కల మండలాల్లోని డాక్టర్లు వంతులవారీగా రాత్రిపూట ఒక్కరు ఫోన్‌లో దొరికితే చాలు. ఆ నంబరు గేటు మీద పెద్ద అక్షరాలతో రాయించమనండి. పెయింట్ ఖర్చు నేనిస్తాను, ప్రారంభోత్సవానికి ముహూర్తం వాళ్లే పెట్టుకోవచ్చు.

– ఒక పాత చందాదారు, గుంటూరు జిల్లా